పన్నెండడుగుల తోట

భిలాయి ఉక్కునగరంలో తొలిసారి అడుగుపెట్టినవారు పొగగొట్టాలను చూడాలని తలయెత్తుతారు. కాని వారి కంటికి ముందుగా కనబడేవి చెట్లు. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒడంబడిక కుదిరి, 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించేనాటికి, ఇక్కడి సెక్టార్ల వీధులకు ఇరువైపులా మొక్కలు నాటడం కూడా కర్మాగార నిర్మాణంతో పాటే సాగింది. క్వార్టర్లకు ముందు కొంత, వెనుక కొంత జాగా విడిచిపెట్టారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి పొట్టచేతబట్టుకొని వచ్చిన తెలుగువారు ఆ జాగాలో కరివేప, మునగ, మల్లె, గోంగూర వేసుకున్నారు. సెక్టార్ 5లోని బాలాజీ మందిరానికి వెళ్ళే స్త్రీల జడలలోని కనకాంబరాలు చాలావరకు ఆ పెరళ్ళలో పూచినవే.

అయితే ఆ పెరడు ఎవరిదీ కాదు. ఉద్యోగం ఉన్నంతకాలం క్వార్టరు, క్వార్టరు ఉన్నంతకాలం పెరడు. అరవయ్యో ఏట పదవీవిరమణ ఉత్తర్వు చేతికి వచ్చిననాడు ఉక్కునగరపు గృహిణి మనస్సులో మొదట మెదిలేది భవిష్యనిధి లెక్క కాదు, పెరట్లోని చెట్టు.

ఇక్కడ చెప్పబోయేది అటువంటి ఒక దంపతుల సంగతి. ఆయన శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లె నుండి 1982లో, అంటే ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడడానికి పద్దెనిమిదేళ్ళ ముందు, ఈ ప్రాంతం మధ్యప్రదేశ్‌లో ఉన్నప్పుడు వచ్చి, ముప్పై నాలుగేళ్ళు కొలిమి దగ్గర పనిచేశారు. 2016లో విరమించారు. సొంత ఊళ్ళో ఇల్లు అన్నదమ్ముల పంపకాలలో ఎప్పుడో చేతులు మారింది. కుమారుడు హైదరాబాదులో స్థిరపడినాడు. ఆలోచించి ఆలోచించి, టౌన్‌షిప్ వెలుపల ఒక ప్రైవేటు కాలనీలో మూడవ అంతస్తున చిన్న ఫ్లాటు కొనుక్కున్నారు. పెరటిలోని జామచెట్టును, ఇరవై ఏళ్ళ మల్లెపొదను వదలి వచ్చిన ఆవిడకు మిగిలిన భూమి, వీధివైపు దక్షిణముఖంగా ఉన్న బాల్కనీ కమ్మీ పొడవున పన్నెండడుగులు. వంటింటి వైపు ఉత్తరాన నాలుగడుగుల బాల్కనీ ఇంకొకటి. అంతే.

ఇటువంటి స్థలంలో తోట వేయదలచినవారు సాధారణంగా రంగుల బొమ్మల పుస్తకాలను ఆశ్రయిస్తారు. ఆవిడకు కూడా కుమారుడు ఒక ఆంగ్ల ఉద్యాన గ్రంథం పంపించినాడు. అందులో ఆల్ప్స్ పర్వత గ్రామాల ఇళ్ళ కిటికీల నుండి ఎర్రని జిరేనియం పూలు జలపాతాలవలె దుముకుతూ ఉన్నాయి. ఆ మొక్కల పూర్వులు దక్షిణాఫ్రికా కొసన ఉన్న కేప్ ప్రాంతం నుండి ఐరోపాకు చేరినవి. స్విట్జర్లాండు వేసవి వాటికి హాయిగా ఉంటుంది. భిలాయి వేసవి వేరు. ఆంగ్ల గ్రంథాలను చదివే మన పాఠకులు ఒక చిన్న సవరణ చేసుకోవలసి ఉంటుంది: వారు ‘వేసవి పూలు’ అన్నవి మనకు చలికాలపు పూలు, వారు ‘నిండు ఎండ’ అన్నది మనకు మార్గశిర మాసపు ఎండ. ఈ సవరణ చేసుకోక, ఏప్రిల్ నెలలో పెటూనియా విత్తనాలు చల్లి, మొక్కలు చచ్చిపోతే తమ చేతి గుణం మంచిది కాదని నొచ్చుకొనేవారు చాలామంది ఉన్నారు. లోపం చేతిది కాదు, పంచాంగానిది.

ఆవిడ పుస్తకాన్ని అటకమీద పెట్టి, తండ్రి వ్యవసాయం చేసిన కార్తెలను జ్ఞాపకం తెచ్చుకున్నారు. ఆయన తన అలవాటు చొప్పున ఒక లాగ్‌బుక్కు తెరిచారు.

ఆ లాగ్‌బుక్కు గురించి కొంచెం చెప్పుకోవాలి. విరమణ తరువాత ఆయన ఆరేడు నెలలపాటు ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. తెల్లవారుజామున, మొదటి షిఫ్టు వేళకు లేచి, తొడుక్కోవలసిన బూట్లు లేక, బాల్కనీలో నిలబడి కర్మాగారం వైపు చూచేవారు. కాఫీ ఇస్తే త్రాగేవారు, ఇవ్వకపోతే అడిగేవారు కారు. ఆవిడకు భయం వేసింది. ఒకనాడు, “ఏమండీ, ఈ కమ్మీ ఎంత బరువు మోస్తుందో కాస్త చూచి చెబుతారా?” అని అడిగారు. కావాలని అడిగారో, నిజంగా తెలియకనే అడిగారో ఆవిడ ఈనాటికీ చెప్పరు.

ఆయన టేపు తీసుకొని వచ్చి కొలిచారు. బజారులో దొరికే రెండడుగుల ప్లాస్టిక్ తొట్టిలో సుమారు ఇరవై లీటర్ల మట్టి పడుతుంది. తడిసిన మట్టి లీటరుకు కిలోన్నర పైనే తూగుతుంది. అంటే తొట్టి ఒక్కటికి ముప్పై కిలోలు, పన్నెండడుగులకూ ఆరు తొట్లు, మొత్తం నూట ఎనభై కిలోలు. కాలనీ కట్టినవారు ఆ కమ్మీని మనుషులు ఆనుకొని నిలబడడానికి అమర్చారేగాని, అంత బరువు ఎల్లకాలమూ వ్రేలాడదీయడానికి కాదు. గోడలో దిగిన చోట వెల్డింగు ఎట్లా ఉన్నదో ఆయన వేలితో తడిమి చూచి పెదవి విరిచారు.

దాంతో మొదటి సమస్య పూలది కాక మట్టిది అయింది. ఛత్తీస్‌గఢ్ రైతు తన నేలను నాలుగు పేర్లతో పిలుస్తాడు: ఎర్రని గులకనేల భాటా, పసుపువన్నె తేలికనేల మటాసీ, బరువైన నల్లరేగడి కన్హార్, ఈ రెంటికీ నడుమ డోర్సా. తొట్టికి కన్హార్ పనికిరాదు. వానకు బంకయై, ఎండకు బీటలు వారి, వేళ్ళను తెంచివేస్తుంది. ఆవిడ మటాసీ మట్టి రెండు పాళ్ళు, కొబ్బరిపొట్టు రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, గుప్పెడు వేపపిండి కలిపారు. బరువు మూడింట ఒక వంతు తగ్గింది. ఆయన తొట్లను కమ్మీకి వెలుపలివైపు కాక లోపలివైపునే ఉంచి, క్రింద ఇనుప కోణపు స్టాండు నిలబెట్టి, బరువు నేలమీద పడేటట్లు, కమ్మీ కేవలం పట్టి ఉంచేటట్లు బోల్టులు బిగించారు. మే నెలలో లేచే గాలిదుమారానికి కేవలం కొక్కెంతో వ్రేలాడే తొట్టి మూడవ అంతస్తు నుండి పడితే క్రింద నడిచేవాడి గతి ఏమిటి? వెలుపలివైపు వ్రేలాడదీసిన తొట్లు చూడముచ్చటగా ఉంటాయన్నది నిజమే. చూడముచ్చట కోసం ఒకరి తల పణంగా పెట్టడం తగదు.

తొట్లు అమరిన తరువాత లాగ్‌బుక్కులో గడులు గీశారు: తేదీ, షిఫ్టు, ఎండ పడిన గంటలు, నీళ్ళు ఎన్ని మగ్గులు, రిమార్కులు. మొదటి ఏడాది ఆవిడ ఆ పుస్తకాన్ని చూచి నవ్వేవారు. రెండవ ఏడాది నుండి దానిని అడగకుండా ఒక మొక్క కూడా నాటడం లేదు.

ఎందుకంటే, ఎండ విషయంలో ఆ పుస్తకం చెప్పినది ఎవరూ ఊహించనిది. దక్షిణపు బాల్కనీ అంటే వేసవిలో మలమల మాడుతుందని, చలికాలంలో ఎండ తక్కువగా ఉంటుందని మనం అనుకుంటాము. లెక్క తలక్రిందులు. భిలాయి 21 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కొంచెం పైన ఉన్నది. కర్కటరేఖ ఇంకా రెండు డిగ్రీల పైచిలుకు ఉత్తరాన ఉన్నది. కనుక మే నెల చివరి వారంలో ఒకసారి, జులై మధ్యలో మరొకసారి మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఈ రెండు తేదీల నడుమ, దాదాపు ఏడు వారాలు, ఉదయం మొదలు సాయంత్రం వరకు సూర్యుడు ఉత్తరపు దిక్కునే ఉంటాడు. దక్షిణపు తొట్ల మీద నేరుగా ఎండ ఒక్క గంట కూడా పడదు. పడేది వడగాలి, ఎదుటి గోడల సెగ మాత్రమే. అదే డిసెంబరులో సూర్యుడు మధ్యాహ్నం వేళ కూడా సుమారు నలభై అయిదు డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. ఏటవాలు కిరణాలు పైకప్పు అడ్డు లేకుండా తిన్నగా బాల్కనీలోకి దూసుకువచ్చి, తలుపు దాటి, పడకకుర్చీ దాకా చేరుతాయి.

ఉత్తరపు బాల్కనీకి ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. సెప్టెంబరు చివర నుండి మార్చి మూడవ వారం దాకా అక్కడ ఎండ మొగం కనబడదు. మే, జూన్ మాసాలలో ఉదయ సాయంకాలాలు రెండూ దానివే.

ఈ సంగతి తెలిసిన తరువాత ఏ కాలానికి ఏ మొక్క అన్న ప్రశ్న సగం తీరిపోయింది. పూలు కావలసిన చలికాలపు మొక్కలకు దక్షిణపు కమ్మీ దేవుడిచ్చిన చోటు. మనీప్లాంటు, ఫెర్న్ వంటి ఆకుమొక్కలు ఆ ఆరు నెలలూ ఉత్తరాన హాయిగా ఉంటాయి. తొట్లను సంవత్సరానికి రెండుసార్లు అటూ ఇటూ మార్చడమొక్కటే శ్రమ. ఆయన దానికి ‘షట్‌డౌన్’ అని పేరు పెట్టి, మార్చి, సెప్టెంబరు నెలలలో ఒక ఆదివారం కేటాయించారు.

ఆవిడ తోట సంవత్సరం ఉగాదితో కాక మృగశిర కార్తెతో, అంటే జూన్ రెండవ వారంతో మొదలవుతుంది. తొలకరి పడగానే బాల్సం, సీతమ్మజడ, శంఖపుష్పం, కాశీరత్నం విత్తనాలు వేస్తారు. బాల్సంను ఇక్కడివారు గుల్‌మెహందీ అంటారు; విత్తిన నెలన్నరకే పూస్తుంది, మబ్బు పట్టిన వెలుతురుకు బెంగపెట్టుకోదు. కాశీరత్నపు తీగ కమ్మీని అల్లుకొని, ఎర్రని నక్షత్రాలు పూస్తుంది. దానికోసం వేరే దారం కట్టవలసిన పని లేదు, కమ్మీ ఊచలే పందిరి. తొట్టి లోతు ఏడంగుళాలే కనుక లోతుగా వేరు దిగే మల్లె, మందారం జోలికి ఆవిడ పోరు. మల్లెను తొట్టిలో పెంచవచ్చునని చెప్పేవారున్నారు. పెంచవచ్చు, పూలే ఉండవు.

వానకాలంలో మొక్కను చంపేది నీటి కొరత కాదు, నీటి నిలువ. వేసవిలో వడగాలికి చలించని బిళ్ళగన్నేరు ఆషాఢంలో మొదలు కుళ్ళి, రెండు రోజులలో వ్రేలాడిపోతుంది. మడగాస్కర్ దీవి నుండి లోకమంతటా వ్యాపించి, 1950వ దశకం నుండి కేన్సరు మందులకు మూలమై ఎందరి ప్రాణాలనో నిలిపిన మొక్క తన ప్రాణం మాత్రం తడిమట్టిలో నిలుపుకోలేదు. ఆ రెండు నెలలూ దానిని పైకప్పు నీడకు, గోడ వారకు జరపాలి.

నీటి నిలువ అన్నమాట వచ్చింది కనుక, రెండవ అంతస్తు ముసలావిడ సంగతి చెప్పక తప్పదు. ఆమె ఛత్తీస్‌గఢీ రైతు కుటుంబపు స్త్రీ. వయసు డెబ్బై దాటింది. అందరూ ఆమెను ‘దాయీ’ అంటారు. మన బూడిదగుమ్మడి వడియాల వంటివే ఇక్కడ రఖియా బడీలు. దాయీ చలికాలంలో వాటిని తన బాల్కనీలో చాప మీద ఆరబెట్టుకుంది. పై తొట్ల నుండి ఎర్రమట్టి నీళ్ళు జారి రెండు చాపల బడీలు పాడైనాయి. దాయీ పైకి వచ్చి కేకలు వేయలేదు. పాడైన బడీలను ఒక పళ్ళెంలో పోసి, మనుమరాలి చేతికిచ్చి పైకి పంపించింది. అంతకంటె కేకలు వేయడమే నయంగా ఉండేది.

ఆవిడ ఆ సాయంత్రమే క్రిందికి దిగి, “దాయీ, గుమ్మడికాయ నేను తెస్తాను, పప్పు నేను రుబ్బుతాను, ఎట్లా పెట్టాలో నువ్వు చూపించు” అన్నారు. ఇద్దరూ కలిసి మళ్ళీ బడీలు పెట్టారు. మరునాడే తొట్ల క్రింద ప్లాస్టిక్ పళ్ళాలు అమర్చడం జరిగింది. 2017 సంవత్సరమంతా ఆ పళ్ళాలతో సమస్య తీరినట్లే కనబడింది.

2018 వానకాలంలో భిలాయిలో డెంగీ జ్వరం విజృంభించి పలువురి ప్రాణాలు తీసింది. పిల్లలు కూడా పోయారు. డెంగీని మోసే దోమ మురుగుగుంటలను కోరదు. ఇంటి చుట్టూ నిలిచే శుభ్రమైన నీరు, కూలరు అడుగున ఉండే నీరు, పూలతొట్టి క్రింది పళ్ళెంలోని నీరు దానికి చాలు. గ్రుడ్డు నుండి దోమ వెలువడడానికి వారం, పది రోజులు పడుతుంది. కాలనీలో ఇంటింటికీ తిరిగి నీటి నిలువలు చూచేవారు వచ్చిననాడు ఆయన ఆరు పళ్ళాలూ తానే తీసి బోర్లించారు. దాయీ మనుమరాలికి ఆ వారం జ్వరం. రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా రెండు అంతస్తులలోనూ ఎవరూ సరిగా భోంచేయలేదు. డెంగీ కాదని తేలింది. కాని ఆనాటి లాగ్‌బుక్కులో రిమార్కుల గడిలో ఒకే ఒక మాట ఉన్నది: ‘పళ్ళాలు రద్దు.’

పళ్ళెం ఉంచితే దోమ, తీసివేస్తే బడీలు. ఈ చిక్కును విప్పడానికి ఆయనకు పది రోజులు పట్టింది. నాలుగంగుళాల ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువునా రెండుగా కోయించి, ఆ దోనెను తొట్ల వరుస క్రింద కొద్ది వాలుతో బిగించి, చివర మూతకు బెజ్జం పెట్టిన బకెట్టులో దింపారు. కారిన నీరు దోనెలో నిలవదు. బకెట్టులోని నీటిని ఆ సాయంత్రమే తిరిగి మొక్కలకు పోస్తారు. అందులో మట్టి నుండి కరిగిన ఎరువు కూడా ఉంటుంది కనుక రెండు విధాల లాభం. కాలనీలో ఇప్పుడు మరికొన్ని ఇళ్ళకు ఆ దోనెలు ఉన్నాయి. ముప్పై నాలుగేళ్ళు మరుగుతున్న ఇనుము ఏ కాలువ వెంట ఎట్లా పారుతుందో చూచిన మనిషికి ఒక బకెట్టు నీటిని దారిలో పెట్టడం ఎంతసేపు అని ఆవిడ అంటారు. ఆయన ఒప్పుకోరు, ఇనుము చెప్పినట్లు వింటుందట, నీరు వినదట.

ఇక ఆకుకూరల మాట. ఛత్తీస్‌గఢ్‌లో భాజీల రకాలకు లెక్కలేదు. బియ్యపు దేశంగా పేరుపొందిన ఈ ప్రాంతాన్ని ఆకుకూరల దేశమన్నా తప్పులేదు. మొదట్లో ఆవిడ గోంగూర విత్తనాలను ఊరి నుండి తెప్పించుకునేవారు. ఒక శ్రావణంలో దాయీ వండి పంపిన పుల్లని కూర నోట పెట్టుకోగానే ఆవిడ చేతిలోని ముద్ద అట్లాగే ఆగిపోయింది. ఇక్కడ దానిని అమారీ భాజీ అంటారు. ఇన్నేళ్ళుగా రైలులో తెప్పించుకుంటున్నది క్రింది అంతస్తులో ఉడుకుతూనే ఉన్నది. ఇప్పుడు జూన్ నెలలో ఒక తొట్టి అమారీకి, ఒకటి తోటకూరకు. అక్టోబరులో మెంతి, కొత్తిమీర. ఆకుకూరలకు ఏడంగుళాల లోతు చాలు. మెంతి మూడు వారాలకే చేతికి వస్తుంది. పూలతోటను చిన్నచూపు చూచే మగవారిని దారికి తేవడానికి కొత్తిమీరను మించిన సాధనం లేదు.

హస్త, చిత్త కార్తెలు వచ్చేసరికి వానలు వెనుకడుగు వేస్తాయి. సెప్టెంబరు చివర నుండి అక్టోబరు మధ్యదాకా చలికాలపు పూల విత్తనాలు వేయవలసిన సమయం. పెటూనియా, డయాంథస్, ఫ్లాక్స్, పాన్సీ, నాస్టర్షియం: ఇవన్నీ విత్తడానికి ఓపిక లేనివారికి నవంబరులో నర్సరీలలో నారుగా దొరుకుతాయి. ఉక్కునగరపు ప్రజలు పూలను చూచి ముచ్చటపడేది ఈ కాలంలోనే. సోవియట్ మైత్రికి గుర్తుగా 1972లో ఏర్పడిన మైత్రీబాగ్ ఉద్యానంలో చలికాలపు పుష్పప్రదర్శనను చూచి పెరిగిన పిల్లలు నేడు తాతలైనారు. ఆ ప్రదర్శనలో అరచేయంత డేలియాలను చూచి వచ్చి, అవే కావాలని తొట్లలో నాటేవారిని ఆవిడ వారిస్తారు. డేలియా పొడుగు, దుంప, గాలికి విరుగుతుంది. కమ్మీ తొట్టికి తొమ్మిది అంగుళాలు దాటని మొక్క, లేదా క్రిందికి వ్రేలాడే మొక్క కావాలి. పెటూనియాకు ఒక్కటే దోషం: దాని ఆకు జిగురు. కర్మాగారం నుండి, రోడ్ల నుండి వచ్చే దుమ్ము ఆ జిగురుకు అంటుకొని ఆకు తుప్పుపట్టినట్లవుతుంది. వారానికి రెండు ఉదయాలు సన్నని తుంపరతో ఆకులు కడగాలి. సాయంత్రం కడిగితే రాత్రి చలికి బూజు పడుతుంది. నున్నని ఆకు గల డయాంథస్‌కు ఈ బెడద లేదు.

సంక్రాంతికి గొబ్బెమ్మల మీద పెట్టడానికి బంతిపూలు కావాలి గనుక, అక్టోబరు మూడవ వారంలోగా పొట్టి బంతి విత్తనాలు తప్పనిసరిగా పడాలి. మూడవ అంతస్తులో గొబ్బెమ్మ లేమిటని అడిగినవారికి ఆవిడ జవాబు చెప్పరు.

అయితే ఆ దంపతులను నిజంగా వేధించినది చామంతి. 2019 నవంబరులో ఒకే చోట, ఒకే మట్టిలో, ఒకే రోజున నాటిన రెండు తొట్ల చామంతులలో కుడివైపు తొట్టి విరగబూచింది. ఎడమవైపు తొట్టి నిగనిగలాడే ఆకులతో, ఒక్క మొగ్గ లేకుండా నిలబడింది. ఎరువు మార్చారు, నీరు తగ్గించారు. కాలనీ మాలీ వచ్చి, “అమ్మా, ఇది మగమొక్క” అని తేల్చివేసినాడు. ఆయన మాత్రం లాగ్‌బుక్కు ముందేసుకొని కూర్చున్నారు. ఎండ గంటలు సమానం, నీళ్ళు సమానం. ‘ఏ’ షిఫ్టులో తేడా లేదు, ‘బీ’ షిఫ్టులో తేడా లేదు. “రాత్రి షిఫ్టు ఎవరూ చూడలేదు గదా” అని ఆయన ఆ రాత్రి పదకొండు గంటలకు బాల్కనీలోకి వెళ్ళారు. వీధిస్తంభం మీది దీపం ఎడమవైపు తొట్టికి సూటిగా, పదిహేనడుగుల దూరంలో వెలుగుతున్నది. స్తంభానికీ కుడివైపు తొట్టికీ మధ్య గోడమూల అడ్డం.

చామంతి పగటి పొడవును బట్టి కాదు, రాత్రి పొడవును బట్టి మొగ్గ తొడుగుతుంది. రాత్రులు దీర్ఘమై, ఆ చీకటి తెగకుండా ఉన్నప్పుడే దానికి పూచే కాలం వచ్చినట్లు తెలుస్తుంది. పగటి పొడవుకూ పూతకూ గల సంబంధాన్ని అమెరికా వ్యవసాయశాఖకు చెందిన గార్నర్, అలార్డ్ అనే శాస్త్రవేత్తలు 1920లో లోకానికి వెల్లడించారు. వేసవిలో ఎంత ఎత్తు పెరిగినా పూయక మొండికేసిన ఒక పొగాకు మొక్కను చీకటి గదిలోనికి మోసుకుపోయి, పగటిని కృత్రిమంగా కుదించి పూయించడంతో ఆ రహస్యం బయటపడింది. వీధిదీపపు పలుచని వెలుగు కూడా కొన్ని మొక్కలకు ఇంకా వేసవి పోలేదన్న భ్రమ కలిగించగలదు. కొలిమి నుండి చిట్టెం పోసేవేళ ఆకాశం ఎర్రబడే ఊళ్ళో, రాత్రికి రాత్రిగా ఉండే హక్కు ఎంత తక్కువో ఆయనకు కొత్తగా చెప్పనక్కరలేదు. సగం జీవితం ఆయన రాత్రి షిఫ్టులలోనే గడిపారు.

మరునాటి నుండి సూర్యాస్తమయం కాగానే ఎడమవైపు తొట్టికి నల్లగొడుగు విప్పి అడ్డం కట్టారు. ఉదయం ఆరుకు తీసివేసేవారు. డిసెంబరు చివరి వారంలో మొగ్గలు కనబడ్డాయి. సంక్రాంతి దాటిన తరువాత పూచింది. “ఆలస్యంగా వచ్చినా డ్యూటీకి వచ్చింది” అని ఆయన రిమార్కు. విరమణ తరువాత ఆయన బిగ్గరగా నవ్వగా ఆవిడ విన్నది ఆ రోజునే.

మార్చి రెండవ వారానికి పాన్సీలు వాడిపోతాయి, పెటూనియా కాడలు పసుపుబారుతాయి. వాటిని నిలబెట్టడానికి ప్రయాసపడక, పెరికివేసి గడ్డి గులాబి కొమ్మలు గుచ్చాలి. ఎండ ఎక్కాక తొమ్మిది గంటల వేళకు విచ్చుకుంటుంది కనుక హిందీవారు దీనిని ‘నౌ బజియా’ అంటారు. మన గంగవావిలి కూరకు ఇది దగ్గరి చుట్టం. దళసరి ఆకులలో నీరు దాచుకొని, ఏప్రిల్ ఎండను చిరునవ్వుతో భరిస్తుంది. దానితోపాటు బిళ్ళగన్నేరు. ఈ రెండూ కాక వేసవికి మూడవ పువ్వు కోసం వెదకడం వ్యర్థమని ఆవిడ అభిప్రాయం. మేలో నేరుటెండ దక్షిణం విడిచి ఉత్తరానికి మళ్ళగానే గడ్డి గులాబి తొట్లను అటు జరిపి, దక్షిణాన కనకాంబరాలను ఉంచుతారు. కనకాంబరానికి నీడ ఇష్టం, వెచ్చదనం ఇష్టం. చలి ఒక్కటే గిట్టదు.

మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె ప్రవేశించినది మొదలు తొమ్మిది రోజులను ఇక్కడివారు ‘నౌతపా’ అంటారు. రోహిణికి రోళ్ళు పగులుతాయని మన పల్లెలో అన్నమాట ఇక్కడ కూడా అక్షరాలా నిజం. భూమిలో ఉన్న మొక్కకు వేళ్ళు చల్లగా ఉంటాయి. కమ్మీ మీది తొట్టికి నాలుగువైపుల నుండి, అడుగు నుండి కూడా సెగ తగులుతుంది. తొట్ల వెలుపలివైపు సున్నం పూయడం, మట్టిపైన రెండంగుళాల మందాన కొబ్బరిపీచు పరవడం, పచ్చని నీడవల కట్టడం, తెల్లవారకముందు ఒకసారి, ప్రొద్దు క్రుంకిన తరువాత ఒకసారి నీరు పోయడం: ఇంతకు మించి చేయగలిగినది లేదు. మిట్టమధ్యాహ్నం వాడినట్లు కనబడే మొక్కకు జాలిపడి గొట్టంలోని కాగిన నీరు పోసేవారు దానికి మేలు చేయడం లేదు. సాయంత్రానికి అది దానంతట అదే తేరుకుంటుంది.

గత సంవత్సరం కుమారుడు మరల ఫోను చేసినాడు. ఆయన మోకాళ్ళు ఇప్పుడు మూడంతస్తుల మెట్లు ఎక్కనీయడం లేదు. ఇంటికి లిఫ్టు లేదు. హైదరాబాదులో తన ఫ్లాటు ఉన్న భవనానికి లిఫ్టు ఉన్నది, దగ్గరలోనే ఆసుపత్రి ఉన్నది. “నాన్నగారూ, వేసవికి ముందే వచ్చేయండి. బాల్కనీ ఇక్కడా ఉన్నది, అమ్మ మొక్కలు పెంచుకోవచ్చు” అన్నాడు. అబద్ధం కాదు. ఆయన, “ఏ దిక్కుకు ఉన్నదిరా?” అని అడిగారు. కుమారునికి వెంటనే చెప్పడం తెలియలేదు, చూచి చెబుతానన్నాడు. ఫోను పెట్టేసిన తరువాత ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకోలేదు. వెళ్ళక తప్పని రోజు వస్తుందని ఇద్దరికీ తెలుసు. “ఏప్రిల్‌లో ఎట్లా వెళ్తామండీ, చామంతి తల్లిమొక్కలు ఎండకు ఉంటాయా?” అన్నారు ఆవిడ చివరికి. ఆయన లాగ్‌బుక్కు తీసి, జూన్ పేజీ తిప్పి, ‘చామంతి కొమ్మలు నాటుట’ అన్న పంక్తి క్రింద గీత గీశారు.

పూత అయిన చామంతిని పారవేయకూడదు. కాడలను నాలుగంగుళాలకు కత్తిరించి, ఉత్తరపు బాల్కనీలో గోడ వారకు ఉంచి, మట్టి ఎండిపోకుండా రోజుకొక మగ్గు నీరు పోస్తే మొదళ్ళ నుండి పిలకలు వస్తాయి. తొలకరి పడగానే ఆ పిలకల చివళ్ళు మూడంగుళాలు త్రుంచి ఇసుకలో గుచ్చితే మూడు వారాలలో వేరు పట్టుతుంది. ఆగస్టు చివరిదాకా చివళ్ళు గిల్లుతూ ఉండాలి. ఆ తరువాత గిల్లకూడదు. ఈ ఏడు తల్లిమొక్కలు పదకొండు. అందులో నాలుగు దాయీ అడిగింది. ఆమె బాల్కనీకి వీధిదీపం అడ్డం లేదు.